మరతుమ్మెదలు ఎక్కని కొండ

హస్త కార్తె

ఈ ఉదయం కూడా మరతుమ్మెదల కళ్ళు తుడవడంతోనే గడిచింది. లోయలోకి మబ్బు దిగిన మర్నాడు వాటి అద్దాల మీద సన్నటి పొర కడుతుంది. మెత్తటి నూలుగుడ్డతో తుడిచి, పొట్ట కింద పుప్పొడి అంటుకునే కుచ్చు దులిపి, రెక్కలు ఆడించి చూసి, ఒక్కొక్కదాన్నే రేకు పలకల మీద ఎండకు పెట్టాలి. వలిసె చేలు పూతకొచ్చేలోగా షెడ్డులో ఉన్నవన్నీ ఎగరగలగాలి. ఈ ఏడు ఎగరలేనివే ఎక్కువ. కుచ్చులు చేసే కర్మాగారం మూతపడ్డాక, పాడైన మర పొట్ట విప్పి బాగున్నదానికి అతికించడమే నా పని అయిపోయింది.

మా అమ్మమ్మ పుట్టకముందే ఈ లోయలో తేనెటీగలు పోయాయట. అప్పటినుంచి పువ్వు నుంచి పువ్వుకి పుప్పొడి మోసేవి ఈ మరలే. వలిసెకి తన పుప్పొడి తనకు పనికిరాదు, పక్క మొక్కది రావాలి. ఎవరూ మోయకపోతే పూసిన పువ్వు పూసినట్టే వాడిపోతుంది. గింజ పట్టదు. గింజ లేకపోతే మాకు నూనె లేదు, మరుసటేడు చల్లడానికి విత్తనమూ లేదు.

అందుకే ధనుర్జయ్ మావ ఈగల కోసం కబురు పెట్టాడు. ఆయన మా అమ్మ తమ్ముడు, లోయ పంచాయతీకి పెద్ద. ఈగలు ఇంకా బతికి ఉన్న మహేంద్రగిరి వైపు అడవి నుంచి మజ్జి తవిటినాయుడు గారనే ఆయన ఈ మధ్యాహ్నం బండి మీద చెక్కపెట్టెలు వేసుకుని వచ్చారు. ఎండకు మాడిన మనిషి. పెట్టెల మీద తడి గోనెలు కప్పి ఉన్నాయి. దగ్గరికి వెళ్తే లోపల ఏదో నీళ్ళు మరుగుతున్నట్టు చప్పుడు.

"కుడతాయేటి?" అన్నాడు మావ, దూరంగానే నిలబడి.

"కుడతాయి బాబూ. ఈగ కదా మరి."

"మా మరలు ఎవుల్నీ కుట్టవు."

"మీ మరలు గుడ్లూ పెట్టవు కదండీ," అన్నారు నాయుడు గారు నవ్వుతూ. మావ నవ్వలేదు గానీ నా వైపు చూశాడు. షెడ్డులో కుప్పగా పడి ఉన్న విరిగిన రెక్కలు ఆయనకూ కనిపిస్తూనే ఉన్నాయి.

పెట్టెల్ని నా చేను గట్టున దించాం. కొండ మొదట్లో ఉన్న చేను అది. అమ్మ పోయాక నా చేతికి వచ్చింది.

చిత్త కార్తె

పూతకి ఇంకా సమయం ఉంది. నాయుడు గారు ఈగలకి పళ్ళేల్లో పంచదార నీళ్ళు పోసి, మునిగిపోకుండా ఎండుగడ్డి పరకలు వేస్తున్నారు. పొద్దున్నే షెడ్డు పని ముగించుకుని నేను అక్కడే కూర్చుంటున్నాను. ఒకసారి చేతి మీద కుట్టింది. చెయ్యి రొట్టెలా వాచింది. అయినా వెళ్ళాను.

నా మరలు పొద్దున బయల్దేరితే గీత గీసినట్టు ఒకే ఎత్తులో, ఒక వరస నుంచి ఇంకో వరసకి వెళ్తాయి. ఈగలు అలా కాదు. ఒకటి నేరుగా పోతుంది, ఇంకొకటి గడ్డిపూల దగ్గర ఆగుతుంది, మరొకటి నా చొక్కా గుండీని చుట్టి చూసి పోతుంది. ప్రతిదీ దేనికోసమో వెతుకుతోంది.

"ఎందుకండీ అవి అన్నింటినీ అలాగ వాసన చూస్తన్నాయి?" అని అడిగాను.

"ఆకలమ్మా. మీ మరకి ఆకలి నేదు. అది పువ్వు కోసం తిరగదు, మీరు తిరగమన్నారు గనక తిరుగుతాది. ఇది తిండి కోసం తిరుగుతాది. పుప్పొడి అంటుకుంటే అంటుకుంటాది, దానికా సంగతే తెల్దు."

ఈ మాట నాకు చాలాసేపు బుర్రలో తిరిగింది. మర అడగనిదాన్ని ఈగ అడుగుతుందన్నమాట. మరి అడిగితే పెట్టడానికి మా పూల దగ్గర ఉందా? అప్పుడే ఆ ప్రశ్న వచ్చిందని గొప్పగా రాసుకోవాలని ఉంది. రాలేదు. పూత వచ్చాకే వచ్చింది.

స్వాతి కార్తె

లోయంతా పచ్చబడింది. అడుగు నుంచి కొండ మొదలు దాకా పసుపు ఆరబోసినట్టు వలిసె. ఇంకా పూతకు రానిది నా చేను ఒక్కటే. షెడ్డు పని వల్ల ఆలస్యంగా చల్లాను. అది మొగ్గ తొడుగుతోంది.

నాయుడు గారు పళ్ళేలు తీసేశారు. "ఇంక మీ తిండి మీదేనర్రా," అన్నారు పెట్టెలతో. ఈగలు గుంపుగా లేచి కింది చేల మీదకి వెళ్ళాయి. ఇద్దరం వెనకాల పరుగెత్తాం.

ఒక్కటీ వాలలేదు. పూల మీద జానెడు ఎత్తులో ఎగురుతూ పోయాయి. ఒకటి రెండు కాలు మోపి, నిప్పు మీద మోపినట్టు లేచిపోయాయి. మధ్యాహ్నం అయ్యేసరికి మరలు దిగి తమ పని తాము చేసుకుంటూ పోయాయి. వాటి పక్కనుంచి ఈగలు ఉత్త చేతులతో పెట్టెలకి తిరిగొచ్చాయి.

"రేపు వాలతాయి," అన్నారు నాయుడు గారు.

మర్నాడూ వాలలేదు. ఆ పక్కరోజూ అంతే. పెట్టె గుమ్మం ముందు చచ్చిన ఈగల్ని ఆయన చీపురుపుల్లతో పక్కకి తోస్తున్నారు. పసుపు సముద్రం మధ్యలో అవి ఆకలితో చస్తున్నాయి. ఆయన అన్నం సరిగ్గా తినడం లేదు.

మావ వచ్చి చూశాడు. "నీ ఈగలకి మా పువ్వు నచ్చనేదేటి?" అన్నాడు. వెటకారం కాదది, భయం.

ఈ రోజు ఒక పువ్వు కోసి విప్పాను. వలిసె పువ్వంటే ఒక పువ్వు కాదు. మధ్య బిళ్ళలో చిన్న చిన్న గొట్టాలు కిక్కిరిసి ఉంటాయి, ఒక్కొక్కటీ ఒక పువ్వే. ఆ గొట్టాల్ని పీకి మొదలు నాలిక మీద పెట్టుకున్నాను. ఎండుగడ్డి రుచి. ఇంకో మొక్కది చూశాను. అదీ అంతే. ముక్కు దగ్గర పెట్టుకున్నాను, వాసన లేదు. నాయుడు గారికి ఇచ్చాను. ఆయన చప్పరించి ఉమ్మేశారు.

"తేనె నేదమ్మా దీన్లో. చుక్క నేదు."

అప్పుడు నా షెడ్డు పని నాకు గుర్తొచ్చింది. మర కంటికి ఏ పువ్వు బాగా కనిపిస్తుందో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. వెడల్పుగా, బల్లపరుపుగా, ఆకాశం వైపు తిరిగి, నడుమ ముదురు రంగు ఉన్న పువ్వు. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు విచ్చుకునేది. కుచ్చుకి జిగురులా పట్టే పుప్పొడి ఉన్నది. అలాంటి పూల దగ్గరికే మర ఎక్కువసార్లు దిగింది, వాటి గింజే ఎక్కువ పట్టింది, ఆ గింజే మేం మళ్ళీ చల్లాం. మూడు తరాల పాటు ప్రతి ఏడూ అదే జరిగింది. తేనె ఊరబెట్టడం మొక్కకి ఖర్చు. అడిగేవాళ్ళు లేనప్పుడు ఆ ఖర్చు పెట్టని మొక్కే ఇంకో నాలుగు గింజలు ఎక్కువ కాసింది. మెల్లమెల్లగా తేనె పోయింది. వాసన పోయింది. మా వలిసె మరల కోసం పూస్తోంది.

నాయుడు గారికి ఇదంతా చెప్పాను. ఆయన ఇంకో పువ్వు కోసి చప్పరించి చూశారు. తర్వాత, "ఈగల్ని తెచ్చినాను గానీ, వాటి పువ్వుని ఎక్కణ్నుంచి తేనమ్మా?" అన్నారు.

విశాఖ కార్తె

ఒక పెట్టె ఖాళీ అయింది. రాణీతో సహా లేచిపోయాయి. కానీ మిగతా పెట్టెల గుమ్మాల దగ్గర ఒక వింత చూశాం. తిరిగొచ్చే ఈగల కాళ్ళకి ముదురు నారింజరంగు ముద్దలు అంటుకుని ఉన్నాయి. లోయ వలిసె పుప్పొడి లేత పసుపు. ఇది వేరు. ఎక్కడో వాటికి తిండి దొరికింది.

అవి వస్తున్న దిక్కు కొండ మీదకి. మరలు అటు వెళ్ళవు. పైన గాలి వాటిని బండలకేసి కొడుతుంది, మబ్బు అద్దాల్ని మూసేస్తుంది. మరలు వెళ్ళని చోట చేను లేదు, చేను లేని చోట మనిషికి పని లేదు. నేను పుట్టి పెరిగిన కొండే అయినా సగం దాటి పైకి ఎప్పుడూ ఎక్కలేదు.

నాయుడు గారూ నేనూ బయల్దేరాం. మావ కూడా వస్తానన్నాడు. ఈగలు ఎటు పోతే అటు నడిచాం. కనిపించకుండా పోతే ఆగి, ఇంకొకటి తలమీదుగా పోయేదాకా నిలబడ్డాం.

మొదట కనిపించింది గాలి ఆగని ఒక మిట్ట. గాలిమిట్ట అన్నాడు మావ. అక్కడ బండల సందుల్లో వలిసె ఉంది! లోయలో ఈగలు పోకముందెప్పుడో మా చేలనుంచి పిట్టలు మోసుకుపోయిన గింజలై ఉండాలి. ఇన్నాళ్ళూ ఏ అడవి పురుగులో వాటిని బతికించి ఉండాలి. మోకాలెత్తు కూడా లేదు, నేలకి అతుక్కుని ఉంది. పువ్వు గోరంత. గాలికి తల తెగిపోకుండా కాడ పొట్టిగా, గట్టిగా ఉంది. వంగి చూస్తే ఒక ఈగ తల లోపలికి దూర్చి, వెనక భాగం ఆడిస్తూ తాగుతోంది. అది పోయాక ఆ పువ్వుని నేను చప్పరించాను. తియ్యగా ఉంది. పువ్వు తియ్యగా ఉంటుందని వినడమే గానీ నాలికకి తెలియడం అదే మొదలు.

"ఇలా ఇవ్వు పిల్లా," అని మావ కూడా ఒకటి చప్పరించి, ఇంకోటి కోశాడు.

ఇంకొంచెం పైన ఎండ తగలని ఒక గుంట ఉంది. ఎప్పుడూ తడి. అక్కడ వలిసె పువ్వు పాలిపోయి, గోధుమరంగు గీతలతో ఉంది. దగ్గరికి వెళ్తే పులిసిన గంజి కంపు. మావ ముక్కు మూసుకున్నాడు. దాని చుట్టూ మా తేనెటీగలు లేవు. మామూలు దోమలంత సన్నటి ఈగలు మాత్రం ముసురుకుని ఉన్నాయి. ఆ గుంటలో తిరిగేవి అవే, కాబట్టి పువ్వు వాటికి నచ్చేలా తయారైంది. ఆ గుంటకి అవతల, నీళ్ళు కారే రాతిగోడ మీద, పొడుగాటి గొట్టాలతో కిందికి వేలాడుతున్న ఎర్రటి పూలు. ఇదీ వలిసేనా అని నేను ఆకు నలిపి వాసన చూశాను. వలిసె ఆకే. చూస్తుండగానే ఒక తేనెపిట్ట వచ్చి ముక్కు దూర్చి పోయింది.

ఒకే గింజ. మూడు చోట్ల మూడు పూలు. నాకు అక్కణ్నుంచి కదలబుద్ధి కాలేదు. ఆ రాతిగోడ అవతల ఇంకేముందో? ఇంకో కొండ మీద ఇంకేముందో? లోయలో చూస్తే ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకటే పువ్వు. ఇక్కడ పదడుగులు వేస్తే పువ్వు మారుతోంది.

"గాలి ఒకలాగ కోస్తాది, తడి ఇంకోలాగ కోస్తాది, వొచ్చే పురుగు మరోలాగ కోస్తాది," అన్నారు నాయుడు గారు. "మీ లోయలో కోసినవోడు ఒక్కడే కదా, మర."

విశాఖ, చివర

కొండ మొక్కల్ని మట్టిగడ్డలతో సహా పెకలించి బుట్టల్లో కిందికి తెచ్చాం. వేలి కొసతో పుప్పొడి తీసి నా చేలో కొత్తగా విచ్చుకున్న పూలకి రాసి, మరలు దిగకుండా వాటికి గుడ్డ కట్టాను. ఇక చూడాలి.

గాలిమిట్ట పుప్పొడి రాసిన చోట కొన్ని తలలు గట్టిపడుతున్నాయి. గింజ పడుతోంది. గుంటలోని కంపు పువ్వుది రాసిన చోట ఒక్కటీ పట్టలేదు. ఎర్రదానిదీ అంతే. ఎన్నిసార్లు రాసినా వాడిపోయింది.

"అవి ఇంక మీ వలిసె కావమ్మా," అన్నారు నాయుడు గారు. "వేరు కాపరం పెట్టీసినాయి."

మొక్కలు కూడా వేరుపడిపోతాయా అని ఆశ్చర్యపోయాను. గాలిమిట్ట పువ్వు మాత్రం ఇంకా మా ఇంటిదే. కానీ అది పొద్దున్నే విచ్చుకుంటుంది, లోయది నడిమధ్యాహ్నం. ఈగలు ఒకదాని దగ్గరికే వెళ్తాయి, మరలు రెండోదాని దగ్గరికే. ఎదురెదురుగా ఉన్నా ఈ రెండూ కలవవు. మరలు పని చేస్తున్నంతకాలం మర పువ్వే నెగ్గుతుంది.

అనూరాధ కార్తె

నిన్న పంచాయతీ. ఒక చేను మీద మరల్ని ఆపాలని అడిగాను. ఈగలు ఆగిన మొక్కలకే గింజ పట్టనివ్వాలి. ఆ గింజ చల్లితే మరుసటేడు ఈగలు ఆగే మొక్కలు పెరుగుతాయి. మరలు పూర్తిగా చచ్చేలోగా అది జరగాలి.

"పట్టకపోతే?" అన్నాడు మావ.

"పట్టకపోతే ఆ చేను ఎండిపోద్ది."

"ఎవుల చేను ఎండబెడతావు? ఆ ఇంట్లో పిల్లలు నూనె నేకండా ఉంటారా?"

"నా చేను మావా. నాకు పిల్లల్లేరు."

నీ చేనైతే నీ ఇష్టం, గాదె కట్టుబాటు మాత్రం తప్పదు అన్నారు అందరూ. లోయలో ఒక కట్టుబాటు ఉంది. పంట కాగానే ప్రతి ఇల్లూ ఉమ్మడి గాదెకి విత్తనం పోయాలి. పోయలేని ఇంటి చేను పోసేవాళ్ళకి పోతుంది. కరువు కాలంలో పెట్టిన కట్టుబాటు, అది లేకపోతే మేమెవరం మిగిలేవాళ్ళం కాదు. మావ నన్ను బయటికి పిలిచాడు.

"మీ అమ్మ ఆ రాళ్ళు ఏరి చేను చేసింది. తెల్సా?"

"తెలుసు."

"ఆ చేను పోతే నాను ఆపలేను సుబర్ణా. పెద్దని కాబట్టి అసలు ఆపకూడదు."

"నాకూ తెలుసు మావా."

ఈ పొద్దున నా చేను మీదుగా వెళ్ళే మరల్ని పక్క చేలకి మళ్ళించాను. మధ్యాహ్నం అయింది. నా చేలో రెక్కల చప్పుడు లేదు. పూలన్నీ ఎప్పటిలాగే ఆకాశం వైపు ముఖాలు పెట్టుకుని ఎదురుచూస్తున్నాయి.

జ్యేష్ఠ కార్తె

కొండ మొక్కల్ని వరసల మధ్యలో నాటాం. వాటికోసం ఈగలు చేలోకి వస్తున్నాయి. వచ్చినవి పక్కనున్న లోయ పూలని కూడా ఒకసారి పలకరిస్తున్నాయి. చాలావాటి మీద వాలి వెంటనే లేచిపోతున్నాయి. కానీ కొన్నింటి మీద ఆగుతున్నాయి!

పొద్దుటి నుంచి వరసల మధ్య బోర్లా పడుకుని చూస్తున్నాను. ఈగ ఆగిన మొక్కకి ఎర్ర దారం కడుతున్నాను. నాయుడు గారు అవతలి వరసలో అదే పని చేస్తున్నారు. దారం కట్టిన మొక్క పువ్వుని చప్పరిస్తే, ఉందో లేదో తెలియనంత తీపి. పూర్తిగా పోలేదన్నమాట. ఇన్నాళ్ళూ ఏ లాభం లేకపోయినా కొన్ని మొక్కలు ఆ కాస్త తేనెను వదల్లేదు. ఎందుకు వదల్లేదు? నాయుడు గారిని అడిగితే, "నాకు తెల్దమ్మా," అన్నారు. తెలియదనడం ఆయనకి ఇష్టంలా ఉంది, ముఖం వెలిగింది.

పుష్య మాసం

కోత అయింది. నా చేలో చాలా తలలు తాలే. చేత్తో నలిపితే పొట్టు ఎగిరిపోయింది. దారం కట్టిన మొక్కల తలల్లో మాత్రం నల్లటి గింజలు నిగనిగలాడుతూ ఉన్నాయి. అన్నీ కలిపి ఒక చిన్న కుండ.

గాదెకి పోయాల్సినదానికి అది సరిపోదు. పోసినా, అది మిగతా విత్తనంలో కలిసి మరల చేలలోకి పోతుంది, ఈ పనంతా మట్టిలో కలుస్తుంది. పోయకపోతే చేను పోతుంది, చల్లడానికి చోటే ఉండదు. కుండ ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను. నాయుడు గారు తన అడవికి తీసుకెళ్ళి చల్లుతానన్నారు. అక్కడ వేరే నేల, వేరే పురుగులు. అక్కడ అది ఇంకేదో అవుతుంది. మాకు అక్కరకు రాదు.

సాయంత్రం గాదె దగ్గరికి ఉత్త చేతులతో వెళ్ళాను, పోయలేనని చెప్పడానికి. మావ గాదె తలుపు వేస్తున్నాడు.

"నీ వంతు పడింది," అన్నాడు.

"ఎవరు పోశారు?"

"నాను."

"నీ ఇంట్లోంచా మావా?"

"నా కింది చేన్లో మూడు వరసలు తాలు పోయినాయి. మర కుచ్చు అరిగిపోయి వట్టినే ఎగిరింది. నీకు తెల్సు, నాకు చెప్పనేదు." తలుపు గడియ వేశాడు. "నీ చేను నాను నిలబెట్టనేదు. వొచ్చే యేటికి నా ఇంటి విత్తనం నీ చేన్లో దాచుకున్నాను."

నాకు ఏడుపొచ్చింది. ఆయన చూడనట్టు వెళ్ళిపోయాడు.

మళ్ళీ స్వాతి

ఆ గింజే చల్లాను. ఈసారి కూడా నా చేను మీదకి మరల్ని రానివ్వలేదు.

పూత వచ్చింది. లోయ చేలు ఎప్పటిలాగే నున్నగా ఉన్నాయి. నా చేను మాత్రం ఎగుడుదిగుడుగా ఉంది. కొన్ని నడుమెత్తు, కొన్ని మోకాలెత్తు. కొన్ని వెడల్పు పూలు, కొన్ని గోరంతవి. లేత పసుపు నుంచి నారింజ దాకా రంగులు. కొన్ని తెల్లారగానే విచ్చుకుంటున్నాయి, కొన్ని పొద్దెక్కాక. రెండింటికీ మధ్యలో విచ్చుకునేవి నేను ఇంతవరకూ ఎక్కడా చూడలేదు. ఈగలు వాలుతున్నాయి, ఆగుతున్నాయి. పెట్టెల బరువు పెరిగింది. నాయుడు గారు సగం పెట్టెలు అవతలి లోయకి తీసుకుపోయే ఏర్పాట్లలో ఉన్నారు.

"కొన్నేళ్ళకి ఇది వెనకటి వలిసెలాగ అయిపోద్దా?" అని అడిగాను.

"వెనకటిలాగ అవదమ్మా. ఇంకోలాగ అవుతాది. ఎలాగన్నది మనకి చెప్పదు."

పొద్దెక్కాక మావ వచ్చాడు. గట్టు మీద నిలబడి చేనంతా చూసి, "ఏటిది? చేనా, సంతా?" అన్నాడు. కోత కోయడం కష్టమని, ఒక్కసారి పండదని, నాలుగు మాట్లు తిరగాలని గొణుక్కున్నాడు. అన్నీ నిజమే.

తర్వాత వరసల్లోకి దిగాడు. అక్కడ ఆ మధ్యవేళకి విచ్చుకునే ఒక మొక్క ఉంది. దాని పువ్వు మీద సన్నటి నడుముతో నీలంగా మెరిసే ఒక పురుగు వాలింది. తేనెటీగ కాదు. నాయుడు గారికీ దాని పేరు తెలియదు. మావ దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. అది ఒక గొట్టంలోంచి ఇంకో గొట్టంలోకి తల దూరుస్తూ పువ్వంతా తిరిగింది. కాళ్ళ నిండా పుప్పొడితో లేచి, పక్క మొక్కని కాదని, దూరంగా అలాంటిదే ఇంకో మొక్క మీదకి పోయి వాలింది. మావ లేచి అక్కడికి నడిచి మళ్ళీ కూర్చున్నాడు. ఎండ నడినెత్తికి వచ్చేదాకా అలా దాని వెనకే తిరిగాడు.

వెళ్ళబోతూ షెడ్డు ముందు ఆగాడు.

"రేపట్నుంచి నా పై చేను మీద మరల్ని ఎగరనీకు."

"పంట తగ్గుద్ది మావా. తెలుసు కదా?"

"తెల్సు."

"మరెందుకు?"

ఆయన కొండ వైపు చూసి, చేను వైపు చూసి, చివరికి చెప్పాడు. "నా చేన్లో ఏటి పూస్తాదో చూడాలనుంది."